చేరెడు నాచు చాలు

బదిలీ ఆర్డరు వచ్చిన ఇంట్లో ప్రతి సామానుకీ ఒక దారి దొరుకుతుంది. మంచాలు విప్పి కడతారు. ఫ్రిజ్‌కి దుప్పటి చుడతారు. సైకిల్‌ని పార్సెల్‌లో బుక్ చేస్తారు. తులసి కుండీని పక్క క్వార్టర్ ఆంటీకి ఇచ్చేస్తారు. ఒక్క అక్వేరియం దగ్గరే అందరూ ఆగిపోతారు. ఇరవై లీటర్ల నీళ్ళంటే ఇరవై కిలోలు. గాజు, ఇసుక, రాళ్ళ బరువు కూడా కలిపితే ఒక మనిషి మోయలేడు. పైగా అందులో ప్రాణాలున్నాయి. రైలెక్కించలేం, అలాగని పారేయలేం. చివరికి బయలుదేరే ముందు రోజు సాయంత్రం ఎవరో ఒకరు బకెట్ పట్టుకుని అర్పా ఒడ్డుకో, కాలనీ వెనక చెరువుకో వెళ్తారు. "పోనీలే, నీళ్ళలోనే కదా వదిలాం" అనుకుంటూ ఖాళీ బకెట్‌తో తిరిగొస్తారు.

మేము తొమ్మిదో తరగతిలో ఉన్న ముగ్గురు తెలుగు పిల్లలం. ముగ్గురి నాన్నలూ రైల్వే ఉద్యోగులే. తెలుగు మాకు బడిలో రాలేదు, ఇంట్లో అమ్మమ్మల దగ్గర వచ్చింది. కాబట్టి తప్పులుంటే మన్నించండి. అలా బకెట్ పట్టుకెళ్ళినవాళ్ళలో మేమూ ఉన్నాం. ఐదో తరగతిలో మాలో ఒకరి ఇంటి గోల్డ్‌ఫిష్‌లని అలాగే వదిలి వచ్చాం. అది తప్పని అప్పుడు ఎవరూ చెప్పలేదు, మాకూ తోచలేదు. ఇప్పుడు పరీక్షలయ్యాక మాలో ఒకరు మళ్ళీ టీసీ తీసుకోవాలి. వాళ్ళ నాన్నగారికి గోండియాకి బదిలీ అయింది. మా తొట్టె ఉన్నది వాళ్ళ క్వార్టర్‌లోనే. ఈసారి మాత్రం బకెట్ పట్టుకుని నదికి వెళ్ళకూడదని ముగ్గురం నిర్ణయించుకున్నాం. ఎందుకో, దాని బదులు ఏం చేయాలో చెప్పడానికే ఈ వ్యాసం.

మా అభిప్రాయం ఇది. మనలాంటి బదిలీల ఇళ్ళలో పిల్లలు అక్వేరియం పెట్టుకోవాలనుకుంటే చేపల కన్నా చిన్న రొయ్యలు మంచివి. ప్లాస్టిక్ మొక్కల కన్నా నాచు మంచిది. ఎందుకంటే నాచున్న తొట్టెని మోసుకెళ్ళక్కర్లేదు. చేరెడు తీసుకెళ్తే కొత్త ఊళ్ళో మళ్ళీ తొట్టెడు అవుతుంది. చేరెడు ఇక్కడ ఇచ్చిపోతే ఇక్కడా బతుకుతుంది. అయితే చేరెడు నుంచి తొట్టెడు అయ్యే ఆ గుణం వల్లే దాన్ని ఏట్లో గానీ చెరువులో గానీ ఎప్పుడూ పోయకూడదు.

పాచి వేరు, నాచు వేరు

"నాచుని గోకి పారేస్తారు గానీ ఎవరైనా పెంచుతారా?" మా తొట్టె చూసిన ప్రతివాళ్ళూ అడిగే ప్రశ్న ఇది. హిందీ మిత్రులు "అరే, ఇది కాయీ కదా" అని మొహం చిట్లిస్తారు. మన తెలుగులో దీనికి రెండు మాటలున్నాయి. నూతి గట్టు మీద, బాత్‌రూం గచ్చు మీద జారుడుగా పట్టేది పాచి. నీళ్ళలో తీగల్లా, కుచ్చుల్లా పెరిగేది నాచు. పుస్తకాల ప్రకారం రెండూ శైవలాలే. వాటిలో కంటికి విడిగా కనబడేంత, చేత్తో పట్టి తీయగలిగేంత పెద్దగా పెరిగేవాటిని స్థూల శైవలాలు అంటారు. విశాఖలో సముద్రం వెనక్కి తగ్గినప్పుడు ఒడ్డు రాళ్ళ మీద పచ్చటి పల్చటి ఆకుల్లా కనబడేది అల్వా. అది అలాంటిదే. వేసవిలో ఇంట్లో జెల్లీ చేసుకునే చైనా గ్రాస్ కూడా సముద్రంలో పెరిగే ఎర్ర నాచుల నుంచి తీసిందే.

మా తొట్టెలో ఉన్నది మంచినీటి నాచు. పేరు కారా. పదకొండో తరగతి జీవశాస్త్రంలో వృక్షరాజ్యం పాఠంలో ఆకుపచ్చ శైవలాల వరసలో ఈ పేరు ఉంటుంది. చూడగానే మొక్కే అనిపిస్తుంది. కాడ ఉంటుంది, కాడ మీద కణుపులుంటాయి, కణుపు కణుపుకీ గొడుగు ఊచల్లా చిన్న కొమ్మలుంటాయి. కానీ దీనికి అసలైన వేర్లు లేవు, ఆకులు లేవు, పూలు లేవు. అడుగున వెంట్రుకల్లాంటి పోగులు బురదని పట్టుకుని ఉంటాయి. నీళ్ళలోని సున్నాన్ని ఒంటికి పట్టించుకుంటుంది కాబట్టి వేళ్ళ మధ్య నలిపితే గరగరలాడుతుంది. నలిపిన చెయ్యి వెల్లుల్లి వాసన వేస్తుంది. మా అమ్మమ్మ తొట్టెలోకి తొంగిచూసి "ఇది మా ఊరి చెరువులో ఉండీదే గదా" అంది. శ్రీకాకుళం జిల్లాలో ఆవిడ పుట్టిన ఊళ్ళో చిన్నప్పుడు చెరువులోకి దిగితే కాళ్ళకి చుట్టుకునేదట.

కారాలో ఒక కణుపుకీ ఇంకో కణుపుకీ మధ్య ఉన్న కాడ అంతా ఒకే ఒక్క పెద్ద కణం. కొన్ని సెంటీమీటర్ల పొడుగు ఉండవచ్చు. ఆ కణం లోపలి ద్రవం ఒక వైపు నుంచి పైకి, ఇంకో వైపు నుంచి కిందికి తిరుగుతూనే ఉంటుంది. దాన్ని 1774లో బొనవెంతురా కోర్తి అనే ఇటలీ శాస్త్రవేత్త మొదట గమనించి రాశాడు. మేము దాన్ని మన జీవశాస్త్ర ప్రయోగశాల మైక్రోస్కోప్‌లో చూశాం. రెండో ప్లాట్‌ఫాం నుంచి గూడ్స్ బండి వెళ్తుంటే చూసినట్టు ఆగకుండా పోతూనే ఉంది. చెరువులో కాలికి చుట్టుకుంటే చీదరించుకునే నాచులో ఇంత పని జరుగుతోందని మాకు అంతవరకూ తెలియదు.

మేము ఎలా పెంచాం

కిందటి ఏడాది దీపావళి సెలవుల్లో మొదలుపెట్టాం. ఇప్పటికి పదిహేను నెలలు. తొట్టె చిన్నది. పొడుగు నలభై సెంటీమీటర్లు, వెడల్పు, ఎత్తు ఇరవై ఐదు చొప్పున. నిండా పోస్తే ఇరవై ఐదు లీటర్లు పడతాయి, మేము ఇరవై దగ్గర ఆపుతాం. అడుగున కడిగిన సన్న ఇసుక రెండంగుళాలు. ఒక స్పాంజి ఫిల్టర్, దానికి గాలి ఊదే చిన్న పంపు. రోజుకి ఏడెనిమిది గంటలు వెలిగే ఎల్‌ఈడీ దీపం. ఖర్చు అంతవరకే. కిటికీ ఎండలో పెట్టలేదు. పెడితే నీళ్ళు కాగుతాయి, తొట్టె మొత్తం పాచి పడుతుంది.

పంపు నీళ్ళు ఒక రోజు బకెట్‌లో నిలవ ఉంచి పోశాం. మా క్వార్టర్ నీళ్ళు మరగబెడితే గిన్నెకి తెల్లటి పొర కడుతుంది. అమ్మకి దాంతో రోజూ విసుగే. కారాకి మాత్రం ఆ సున్నమే కావాలి. రొయ్యలకీ కావాలి, అవి పాత పెంకు విడిచి కొత్త పెంకు కట్టుకోవడానికి. ఆర్‌ఓ నీళ్ళతో మొత్తం తొట్టె నింపితే రెండిటికీ ఆకలే. కానీ నీళ్ళు ఆవిరై తగ్గినప్పుడు పైన కలపడానికి ఆర్‌ఓ నీళ్ళే మంచివి. ఎందుకంటే ఆవిరయ్యేది నీరు మాత్రమే, సున్నం తొట్టెలోనే మిగిలిపోతుంది. ప్రతిసారీ పంపు నీళ్ళే పోస్తే అది పెరుగుతూ పోతుంది.

నాచు తెచ్చింది రతన్‌పూర్ వైపు ఒక పల్లె చెరువు నుంచి. పెద్దవాళ్ళని అడిగి ఒక్క పిడికెడే తెచ్చాం. తర్వాత నెల రోజులు తొట్టెలో నాచు తప్ప ఏమీ లేదు. అందరూ నవ్వారు. కానీ ఆ నెల అవసరం. రొయ్యల విసర్జన నుంచి అమ్మోనియా వస్తుంది. ఇసుకలో, స్పాంజిలో పెరిగే బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఆ తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. మొదటి రెండూ రొయ్యలకి విషం. ఆ బాక్టీరియా కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అమ్మోనియానీ నైట్రేట్‌నీ నాచు తన తిండిగా పీల్చుకుంటుంది. అంటే రొయ్య వదిలిన మురికి నాచుకి భోజనం. నాచు ఒంటి మీద పట్టిన సన్న పొర రొయ్యకి భోజనం. ఎరువు అక్కర్లేదు. వేయకూడదు కూడా, ఎందుకంటే కొన్ని ఎరువుల్లో రాగి ఉంటుంది. రాగి రొయ్యలకి విషం.

ఆ తర్వాత దుకాణం నుంచి పది చెర్రీ రొయ్యలు తెచ్చాం. ఇవి తైవాన్, చైనా ప్రాంతాల జాతి. ఎర్ర రంగు కోసం మనుషులు ఏరి ఏరి పెంచారు. పెరిగితే సుమారు మూడు సెంటీమీటర్లు ఉంటాయి. ఒకటి రెండేళ్ళు బతుకుతాయి. ఆడ రొయ్య గుడ్లని పొట్ట కింద మోస్తూ, చిన్న కాళ్ళతో విసురుతూ మూడు నాలుగు వారాలు తిరుగుతుంది. పిల్లలు పుట్టడమే పెద్ద రొయ్యల ఆకారంలో పుడతాయి, బియ్యపు నూకంత ఉంటాయి. నాచు గుబురులో దాక్కుని అక్కడే తిని అక్కడే పెరుగుతాయి. ఇప్పుడు మా తొట్టెలో అరవై దాకా ఉన్నాయి. కదలకుండా ఉండవు కాబట్టి లెక్క ఎప్పుడూ తేలదు.

మా పొరపాట్లు మూడు

చేసిన తప్పులు కూడా చెప్పాలి, లేకపోతే మీరూ చేస్తారు.

మొదటిది, చెరువు నాచుని సరిగా వెతకకుండా తొట్టెలో పెట్టడం. రొయ్యలు తెచ్చిన వారానికి రెండు తగ్గాయి, తర్వాత ఇంకొకటి. టార్చి వేసి చూస్తే ఇసుక రంగు పురుగు ఒకటి నాచు మొదట్లో కూర్చుని ఉంది. అది తూనీగ పిల్ల. తూనీగ గాల్లో ఎగరకముందు నీళ్ళలోనే వేటాడి బతుకుతుంది. చెరువు నుంచి తెచ్చిన నాచుని వేరే తెల్ల గిన్నెలో రెండు మూడు వారాలు ఉంచి, రోజూ చూసి, ఆ తర్వాతే రొయ్యల దగ్గర పెట్టాలి.

రెండోది దోమల మందు. తొట్టె ఉన్న గదిలో ఒక రాత్రి తలుపులు మూసి దోమల మందు ప్లగ్గు పెట్టాం. గాలి పంపు ఆ గది గాలినే నీళ్ళలోకి ఊదుతుందని ఆలోచించలేదు. పొద్దున్నకి రెండు రొయ్యలు వెల్లకిలా పడి ఉన్నాయి. దోమల మందుల్లో ఎక్కువగా పైరెథ్రాయిడ్లు ఉంటాయి. దోమా రొయ్యా రెండూ కీళ్ళ కాళ్ళ జీవులే. ఒకదాన్ని చంపేది రెండోదాన్నీ చంపుతుంది. ఇప్పుడు ఆ గదిలో దోమతెర కట్టుకుంటారు. కాలనీలో పొగ వేసే బండి వచ్చిన రోజు కిటికీలు మూసి పంపు ఆపి, పొగ పోయాక మళ్ళీ వేస్తాం.

మూడోది బిలాస్‌పూర్ మే నెలని తక్కువ అంచనా వేయడం. నౌతపా రోజుల్లో బయట నలభై అయిదు డిగ్రీలుంటే తొట్టె నీళ్ళు ముప్పై మూడుకి ఎక్కాయి. నాలుగు రొయ్యలు పోయాయి. నీళ్ళు వేడెక్కే కొద్దీ వాటిలో ఆక్సిజన్ తగ్గుతుంది. మూత తీసి నీటి మీదికి చిన్న ఫ్యాన్ పెట్టాం. తొట్టె చుట్టూ తడిగుడ్డ కట్టమని అమ్మమ్మ చెప్పింది. కుండలో నీళ్ళు చల్లబడే పద్ధతే ఇది. ఆవిరయ్యే నీరు వేడిని తీసుకుపోతుంది. రెండు మూడు డిగ్రీలు తగ్గాయి. ఆ రెండు మూడు డిగ్రీలతోనే మిగతావి బతికాయి.

ఈ మూడు తప్పులూ మావే. నాచు మాత్రం మమ్మల్ని ఒకసారి కాపాడింది. వేసవి సెలవుల్లో పన్నెండు రోజులు కోర్బా విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కి మా ఊళ్ళకి వెళ్ళిపోయాం. పక్కింటివాళ్ళు రోజూ తగ్గిన నీళ్ళు కలిపారు, ఫ్యాన్ ఆగకుండా చూశారు. తిండి ఎవరూ వేయలేదు. చేపలయితే ఇంటికొచ్చాక ఏం చూడాల్సి వచ్చేదో. రొయ్యలు మాత్రం నాచు మీది పొరని ఏరుకు తింటూ హాయిగా ఉన్నాయి. సెలవు దొరకగానే ఊరెళ్ళే మనలాంటి ఇళ్ళకి ఇది చిన్న విషయం కాదు.

"నీళ్ళలోనే కదా వదిలాం"

ఇక బకెట్ సంగతి. నాచుకి విత్తనం అక్కర్లేదు. తెగిన ముక్కే చాలాసార్లు కొత్త మొక్కలా పెరుగుతుంది. తొట్టెలో మనకి నచ్చే గుణం ఇదే. బయట ఇదే ప్రమాదం.

కాలెర్పా అనే సముద్రపు నాచు ఉంది. అక్వేరియాల్లో అందం కోసం పెంచేవారు. 1984లో మొనాకో దగ్గర మధ్యధరా సముద్రంలో అది చిన్న గుబురుగా కనబడింది. పడవల లంగర్లకి, వలలకి తగులుకున్న ముక్కలు ఎక్కడ రాలితే అక్కడ పెరుగుతూ ఫ్రాన్స్, ఇటలీ, స్పెయిన్ తీరాల దాకా పాకింది. అక్కడి సముద్రపు గడ్డిని కప్పేసింది. 2000లో అమెరికాలోని కాలిఫోర్నియా తీరంలో ఒక ఉప్పుటేరులో అదే నాచు కనబడింది. టార్పాలిన్లు కప్పి, లోపలికి క్లోరిన్ పంపి, దాన్ని పూర్తిగా తీసేశామని ప్రకటించేసరికి 2006 వచ్చింది. ఖర్చు సుమారు 70 లక్షల డాలర్లు.

అంత దూరం ఎందుకు? తమిళనాడులో మన్నార్ సింధుశాఖలో సాగు కోసం బయటి నుంచి తెచ్చిన కప్పాఫైకస్ అనే నాచు కురుసడై దీవి దగ్గర పగడాల మీదికి పాకిందని మన శాస్త్రవేత్తలే 2008లో రాశారు. ఇక గుర్రపుడెక్క తెలియని తెలుగువాళ్ళు ఉండరు. అది నాచు కాదు, మొక్కే. కానీ కథ ఒకటే. దక్షిణ అమెరికా మొక్క, ఊదా పూలు బాగున్నాయని బెంగాల్‌కి తెచ్చారంటారు. ఇప్పుడు కొల్లేటిలో పడవని అడ్డుకునేది అదే. ఇక్కడ చెరువుల్లో జల్‌కుంభీ పేరుతో పరుచుకున్నదీ అదే. దాన్ని మొదట నీళ్ళలో వదిలినవాళ్ళు కూడా "నీళ్ళలోనే కదా" అనుకుని ఉంటారు.

ఇక్కడ మా హిందీ మిత్రుడొకడు మంచి ప్రశ్న అడిగాడు. "మీ కారా ఇక్కడి చెరువుదే కదా, తిరిగి ఇక్కడే పోస్తే తప్పేంటి?" మేము చాలాసేపు ఆలోచించాం. నాచు ఇక్కడిదే. కానీ ఏడాదికి పైగా అది ఉన్న నీళ్ళలో తైవాన్ రొయ్యల పిల్లలున్నాయి, దుకాణం నుంచి వచ్చిన నత్తల గుడ్లున్నాయి, కంటికి కనబడని రోగాలుండవచ్చు. నాచుని ఎంత దులిపినా అవన్నీ రాలవు. 2021లో అమెరికాలో పెంపుడు జంతువుల దుకాణాల్లో అమ్మిన నాచు బంతుల్లో జీబ్రా ఆల్చిప్పలు దొరికాయి. నీటి పైపుల్లో గుంపులుగా పెరిగి వాటిని మూసేసే రకం అవి. అమ్మినవాళ్ళకీ తెలియదు, కొన్నవాళ్ళకీ తెలియదు.

పెద్ద రొయ్యల సంగతే చూడండి. మన ఆంధ్రలో భీమవరం చుట్టూ చెరువుల్లో పెంచే వనామీ రొయ్య పసిఫిక్ అవతలి ఒడ్డుది. 2009లో దాని సాగుకి ప్రభుత్వం అనుమతి ఇచ్చినప్పుడు, విదేశం నుంచి వచ్చే తల్లి రొయ్యలని నేరుగా హేచరీలకి పంపనివ్వలేదు. ముందు చెన్నైలోని క్వారంటైన్ కేంద్రంలో పరీక్షించాలని నియమం పెట్టింది. కోట్ల వ్యాపారానికే అంత జాగ్రత్త అవసరమైతే మన బకెట్‌కి అవసరం లేదా?

అర్పా ఎండాకాలంలో ఇసుకే అనుకుంటాం. వానాకాలంలో చూడండి. ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర గీతం మొదలయ్యేది ఆ నది పేరుతోనే. అర్పా శివనాథ్‌లో కలుస్తుంది, శివనాథ్ మహానదిలో కలుస్తుంది, మహానది హీరాకుడ్ దాటి సముద్రానికి పోతుంది. ఇక్కడ వదిలింది ఇక్కడే ఉంటుందని చెప్పడానికి లేదు. మనం బదిలీ మీద వెళ్ళిపోతాం. మనం వదిలింది మాత్రం ఇక్కడివాళ్ళకి మిగులుతుంది. ఈ ఊరు మనకి రెండేళ్ళో నాలుగేళ్ళో చోటిచ్చింది. దానికి బదులుగా ఇచ్చేది అదా?

చార్జి అప్పగిద్దాం

మరేం చేయాలి? మన ఇళ్ళలోనే జవాబుంది. స్టేషన్ మాస్టర్ డ్యూటీ దిగేటప్పుడు ఏ లైన్‌లో ఏ బండి ఉందో డైరీలో రాసి సంతకం పెడతారు. ఎక్కేవారు చదివి సంతకం పెడతారు. ఆ రెండు సంతకాలూ లేకుండా ఎవరూ కుర్చీ వదలరు. బదిలీ అయితే మొత్తం చార్జి అప్పగించి వెళ్తారు. నాన్నలు ఇంత చేస్తున్నప్పుడు మనం ఒక తొట్టె అప్పగించలేమా?

మా తొట్టెకి ఒక రెండు వందల పేజీల నోట్‌బుక్ పెట్టాం. మొదటి పేజీలో నాచు ఎక్కడిది, రొయ్యలు ఎన్ని, ఎప్పుడొచ్చాయి. తర్వాత వారం వారం నీటి వేడి, మార్చిన నీళ్ళు, చచ్చినవి, పుట్టినవి. చివరి పేజీల్లో మా తప్పులు. ఎక్కువైన నాచుని కత్తిరించి ఏం చేయాలో కూడా రాశాం. దాన్ని కాలువలో వేయం. డాబా మీద కరకరలాడేదాకా ఎండబెట్టి పూలకుండీలో కలుపుతాం. సున్నం ఉంటుంది కాబట్టి మట్టికి మంచిదే. మార్చిన నీళ్ళు కూడా కుండీలకే పోస్తాం.

మన విద్యాలయానికి మా విన్నపం ఒకటే. జీవశాస్త్ర ప్రయోగశాలలో ఒక తల్లి తొట్టె పెట్టండి. ఎకో క్లబ్ దాన్ని చూసుకుంటుంది. టీసీ తీసుకుని వెళ్ళేవాళ్ళు తమ తొట్టెలోని ప్రాణాలని నదికి తీసుకెళ్ళకుండా ఆ క్లబ్‌కి అప్పగిస్తారు. వాటిని ముందు పక్క గిన్నెలో కొన్నాళ్ళు ఉంచి, చూసి, తల్లి తొట్టెలో కలుపుతారు. కొత్తగా చేరినవాళ్ళు అడిగితే చేరెడు నాచు, ఐదు రొయ్యలు, నోట్‌బుక్ నకలు ఇస్తారు. మొదటి తొట్టె మేమే ఇస్తాం.

చదువు పాడవుతుందని పెద్దవాళ్ళ భయం. వారానికి గంట పని ఇది. ఆ గంటలో నైట్రోజన్ చక్రం, కిరణజన్య సంయోగక్రియ, నీటి కాఠిన్యం మూడూ చేత్తో తెలిశాయి. అమ్మోనియా గురించి పరీక్షలో రాసింది మర్చిపోవచ్చు. మన అజాగ్రత్తతో చచ్చిన రొయ్యని మర్చిపోవడం కష్టం. ప్రాణులని పెట్టెలో పెట్టి పెంచడమే తప్పని అనేవాళ్ళకి మా దగ్గర పూర్తి జవాబు లేదు. అందుకే పెంచాలని ఉన్నవాళ్ళకే చెబుతున్నాం: కొద్దిగా పెంచండి, చివరిదాకా బాధ్యత పడండి.

ఇంకో కారణం కూడా ఉంది. కొత్త ఊళ్ళో మొదటి నెల ఎలా ఉంటుందో మనలో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఇంటర్వెల్‌లో ఎక్కడ నిలబడాలో తెలియదు. టిఫిన్ బాక్స్ ఎవరితో తెరవాలో తెలియదు. అలాంటి రోజు ఎవరో వచ్చి "నీకు నాచు కావాలా? సాయంత్రం ల్యాబ్‌కి రా" అంటే, అది నాచు కోసమే కాకపోవచ్చు. వారం తర్వాత "నీ రొయ్యలెలా ఉన్నాయి?" అని అడిగేవాళ్ళు ఒకరు ఉంటారు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచి మన తెలుగువాళ్ళు కూడా ఈ ఊరికి చేరెడు చేరెడుగానే వచ్చారు. ముందు వచ్చినవాళ్ళు తర్వాత వచ్చినవాళ్ళకి ఇల్లు, సంత, బడి చూపించారు కాబట్టే ఇక్కడ నిలదొక్కుకున్నారు.

గోండియాకి వెళ్ళే మా స్నేహితురాలు రొయ్యలని తీసుకెళ్ళడం లేదు. వెడల్పు మూతి హార్లిక్స్ సీసాలో సగం నీళ్ళు, చేరెడు కారా, అంతే. కాడలు పెళుసు కాబట్టి సీసాని ఒళ్ళో పెట్టుకునే వెళ్తానంది. అక్కడ నెల రోజులు ఖాళీ తొట్టెలో నాచు మాత్రమే పెంచుతుంది, మనం చేసినట్టే. అక్కడివాళ్ళూ నవ్వుతారు, పర్వాలేదు. మిగిలిన ఇద్దరం నోట్‌బుక్‌లో ఆవిడ సంతకం కింద మా సంతకాలు పెట్టాం.

ఏప్రిల్‌లో కొత్తగా చేరే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, తెలుగు వచ్చినా రాకపోయినా తొమ్మిదో తరగతివాళ్ళు ఎక్కడని అడగండి. అప్పటికి మేము పదిలో ఉంటాం, అయినా చూపిస్తారు. సీసా మాత్రం మీరే తెచ్చుకోండి.